అడగండి చెప్తా: అలీనా, రాబిన్సనా, మేవెదరా?

ప్రశ్న: అన్నా, హాస్టల్లో మాకు రోజూ బాక్సింగ్ మీద ఇదే రచ్చ. ఒకడు మేవెదర్ 50-0, ఒక్కటి కూడా ఓడలేదు కాబట్టి వాడే గ్రేటెస్ట్ అంటాడు, నేను అలీ అంటా, రూమ్మేట్ ఏమో టైసన్ అంటాడు, వాడు రాత్రంతా రీల్స్‌లో నాకౌట్లు చూసే రకం. అసలు ఆల్ టైమ్ ర్యాంకింగ్ ఎట్ల వేయాల?
– డిగ్రీ స్టూడెంట్, కొర్లగుంట, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సున్నాని పక్కన పెట్టు. ఓడకపోవడం గొప్పే, కాదన్ను, కానీ ఎవరి మీద గెలిచినాడు, ఆ రోజు అవతలోడు ఏ కండిషన్లో ఉన్నాడు అనేది చూడకుండా గెలుపులు లెక్కపెట్టుకుంటే ఏం లాభం? మేవెదర్ 50వ గెలుపు 2017లో మెక్‌గ్రెగర్ మీద, ఆయప్ప అంతకుముందు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఒక్క ఫైట్ కూడా ఆడలేదు. మార్సియానో 49-0 కూడా అంతే, 1951లో మాజీ హెవీవెయిట్ చాంపియన్ జో లూయిస్‌ని పడగొట్టినాడు నిజమే, అప్పటికి లూయిస్‌కి 37 ఏళ్లు.

నా లిస్టులో ఫస్ట్ షుగర్ రే రాబిన్సన్, ఇందులో నాకు డౌటే లేదు. 19 సార్లు ఓడినాడు కదా అంటావు. అందులో ఎక్కువ భాగం 1960 తర్వాతవి, నలభై దగ్గరపడినా గ్లవ్స్ విప్పకుండా లాగించినప్పటివి. 1943లో లమొట్టా చేతిలో ఓడినాక 1951 దాకా 91 ఫైట్లు ఓటమనేదే లేదు, ఆ లమొట్టాతోనే మొత్తం ఆరుసార్లు ఆడి ఐదు గెలిచినాడు, వెల్టర్ వెయిట్ చాంపియన్, మిడిల్ వెయిట్ టైటిల్ ఐదుసార్లు (ఈ వెయిట్లన్నీ బాక్సర్ల బరువుని బట్టి పెట్టిన తరగతులు).

ఆయప్ప ఓటమి ఒకటి చూడు చాలు. 1952 జూన్, న్యూయార్క్ యాంకీ స్టేడియం, రింగ్ దగ్గర 40 డిగ్రీల వేడి, అంటే మన రేణిగుంట రోడ్డులో మే నెల మధ్యాన్నం లెక్క అనుకో, అదీ లైట్ల కింద. ఎదురుగా జోయి మాక్సిమ్, లైట్ హెవీవెయిట్ చాంపియన్, రాబిన్సన్ కన్నా దాదాపు ఏడు కేజీలు ఎక్కువ. పదో రౌండ్ అయినాక రిఫరీనే వేడికి తట్టుకోలేక దిగిపోతే ఇంకొకాయన్ని ఎక్కించినారు! రాబిన్సన్ పాయింట్లలో ముందున్నాడు, 13 రౌండ్లు కొట్టినాడు, 14వ రౌండుకి మాత్రం స్టూల్ మీంచి లేవలేకపోయినాడు. అంత పెద్ద కెరీర్‌లో ఫైట్ మధ్యలో ఆగిపోయి ఓడింది ఇదొక్కటే. రికార్డు బుక్కులో ఇది ఓటమి కిందే పడతాది, నాకైతే మేవెదర్ 50వ గెలుపు కన్నా ఇదే పెద్దది.

రెండో ప్లేస్ హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1938లో ఫెదర్, లైట్, వెల్టర్ మూడు టైటిళ్లూ ఒకేసారి ఆయన దగ్గరే ఉన్నాయి, అప్పట్లో ఉన్నవే ఎనిమిది వెయిట్లు, ఒక్కోదానికి మామూలుగా ఒకే చాంపియన్. ఇప్పుడేమో 17 వెయిట్లు, నాలుగు సంస్థలు, బెల్టులు ఎన్నో నువ్వే లెక్కేసుకో. అందుకే ఇన్ని వెయిట్లలో చాంపియన్ అనే మాటని కూడా ఏ కాలందో చూసి తూచాల.

టైసనా, 20 ఏళ్లకే హెవీవెయిట్ చాంపియన్, స్పింక్స్‌ని 91 సెకన్లలో ముగించినాడు, చూడ్డానికి వాడంత భయంకరమైనోడు లేడు. కానీ 1990 టోక్యోలో డగ్లస్ చేతిలో పడినాడు, హోలీఫీల్డ్ చేతిలో రెండుసార్లు, లెనాక్స్ లూయిస్ చేతిలో ఒకసారి. గట్టి పోటీ వచ్చినప్పుడు వెనకబడి మళ్లీ లేచి గెలిచిన పెద్ద ఫైట్ ఒక్కటి చూపించమను మీ రూమ్మేట్‌ని.

ప్రశ్న: 1980లో అలీ మద్రాసుకి వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడినప్పుడు నేను బస్సెక్కి పోయి చూసినవాణ్ణి. అలీని ఫస్ట్ ప్లేస్‌లో పెట్టకుంటే మీ లిస్టు నేనొప్పుకోను.
– రిటైర్డ్ టీచర్, కట్టమంచి, చిత్తూరు

జవాబు: మాస్టారూ, మీరు కళ్లారా చూసినారు, నాకు కుళ్లుగా ఉంది. హెవీవెయిట్ల వరకే అయితే అలీనే ఫస్ట్, అన్ని వెయిట్లూ కలిపితే నాకు మూడో ప్లేస్. లిస్టన్, ఫ్రేజియర్, నార్టన్, ఫోర్‌మన్, ఇంతమంది గట్టోళ్లని కొట్టిన హెవీవెయిట్ ఇంకొకడు లేడు. అదీ సైన్యంలో చేరనన్నందుకు 1967 నుంచి 1970 దాకా, 25 ఏళ్లు దాటిన మంచి వయసులో, రింగ్‌కి దూరంగా ఉండి. ఆ మూడున్నరేళ్లలో ఏమి గెలిచేవాడో అని మార్కులు వేయమంటే మాత్రం వేయను సార్, జరగని ఫైట్లకి మార్కులు వేస్తే ప్రతి ఒక్కడికీ ఒక కథ ఉంటాది.

ప్రశ్న: మేరీకోమ్, మన నిఖత్ జరీన్ ఈ లిస్టులో ఎక్కడ?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమెచ్యూర్ లిస్టు వేరే పెట్టాలమ్మా, రౌండ్లు వేరు, పాయింట్ల లెక్క వేరు. అక్కడ క్యూబా స్టీవెన్సన్ వరసగా మూడు ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టినాడు, ప్రొఫెషనల్‌గా పోనేలేదు. ఆరు వరల్డ్ గోల్డ్‌లతో మేరీకోమ్ ఆడవాళ్ల లిస్టులో పైనే ఉండాల. నిజామాబాద్ నిఖత్‌కి 2022, 2023 రెండు వరల్డ్ టైటిళ్లు, ఆమె ఇంకా ఆడతా ఉంది కదా, నంబర్ ఇప్పుడే వేయను.