మబ్బు పట్టే చోట సోలార్ ప్యానెళ్లు గిట్టుబాటవుతాయా?

ప్రశ్న: మేముండే చోట ఏడాదిలో సగం రోజులు ఆకాశం మబ్బు పట్టే ఉంటుంది. ఇంటి కప్పుపై 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించుకుంటే ఏడేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందని, బ్యాటరీ కూడా తీసుకుంటే ఇంకా మేలని అమ్మకందారు చెబుతున్నారు. దాచుకున్న సొమ్మును ఇందులో పెట్టవచ్చా?

జవాబు: మబ్బును చూసి వెనుకాడవలసిన పని లేదు గానీ, ఏడేళ్ల మాటను మాత్రం లెక్క చూడకుండా నమ్మవద్దు. నేరుగా ఎండ తగలకపోయినా, మబ్బుల్లో చెదిరి వచ్చే వెలుతురు నుంచి కూడా ప్యానెల్ విద్యుత్తును తయారు చేస్తుంది. అయితే దట్టంగా మబ్బు కమ్మిన వేళ ఉత్పత్తి దాని సామర్థ్యంలో సుమారు 10 నుంచి 25 శాతానికి పడిపోతుంది. వాతావరణం చల్లగా ఉంటే కొంత కలిసివస్తుంది, ఎందుకంటే ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కొక్క డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. ఎండకు పెద్దగా పేరులేని జర్మనీలో ఒక కిలోవాట్ ప్యానెళ్ల నుంచి ఏడాదికి సుమారు 900 నుంచి 1,100 యూనిట్లు వస్తాయి. అయినా ఆ దేశంలో లక్షలాది ఇళ్లపై ప్యానెళ్లు ఉన్నాయి.

కాబట్టి ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ యూనిట్లలో మీరు ఇంట్లోనే వాడుకునేవి ఎన్ని, గ్రిడ్‌కు, అంటే ఊరంతటికీ కరెంటు అందించే లైన్లకు, పంపే వాటికి ఎంత ధర దొరుకుతుంది అన్నది మిగతా సగం, నా దృష్టిలో పెద్ద సగం.

లెక్కను డబ్బులో కాక యూనిట్లలో వేసుకుంటే విషయం తేటగా కనబడుతుంది. ప్యానెళ్లు, ఇన్వర్టర్ (ప్యానెళ్ల విద్యుత్తును ఇంట్లో వాడే విధంగా మార్చే పరికరం), బిగింపు ఖర్చు మొత్తాన్ని మీరు ప్రస్తుతం ఒక యూనిట్‌కు కడుతున్న ధరతో భాగించండి. ఉదాహరణకు 20,000 యూనిట్లు వచ్చిందనుకుందాం. కిలోవాట్‌కు 900 యూనిట్ల చొప్పున మీ ప్యానెళ్లు ఏడాదికి 2,700 యూనిట్లు ఇస్తాయి. పంపిన ప్రతి యూనిట్‌కూ కొన్న ధరే లెక్కగట్టే నెట్ మీటరింగ్ ఉంటే 20,000ను 2,700తో భాగించాలి. పెట్టుబడి ఏడున్నర ఏళ్లలోపే తిరిగి వస్తుంది. అమ్మకందారు చెప్పిన మాట బహుశా ఇలాంటి లెక్కలోంచే పుట్టి ఉంటుంది. అలా కాక, గ్రిడ్‌కు పంపే యూనిట్‌కు మూడో వంతు ధరే ఇచ్చే విధానం ఉండి, మీరు 40 శాతమే ఇంట్లో వాడుకుంటే, ఆదా 1,620 యూనిట్ల విలువకు తగ్గి గడువు పన్నెండేళ్లు దాటుతుంది. బట్టలు ఉతకడం, నీళ్లు కాచుకోవడం వంటివి పగటి వేళకు మార్చి వాడకాన్ని 60 శాతానికి పెంచితే అదే గడువు సుమారు పదేళ్లకు దిగుతుంది. ఆకాశంలో ఏ మార్పూ లేకుండానే ఇంత తేడా వస్తుంది.

పన్నెండేళ్లలో తిరిగి వస్తుందంటే ఏటా 8 శాతం వడ్డీ వచ్చినట్టే కదా అని చాలామంది పొరబడతారు. డిపాజిట్‌లో అసలు చివరికి చేతికి వస్తుంది. ఇక్కడ అసలు కూడా ఆ ఆదాలోంచే రాబట్టుకోవాలి. 25 ఏళ్ల కాలానికి లెక్కిస్తే రాబడి సుమారు 6 శాతం దగ్గర తేలుతుంది. ప్యానెళ్ల ఉత్పత్తి ఏటా దాదాపు అర శాతం తగ్గడం, 10 నుంచి 15 ఏళ్లకు ఒకసారి ఇన్వర్టర్‌ను మార్చవలసి రావడం దానిని ఇంకొంత కిందికి లాగుతాయి, విద్యుత్ ధరలు పెరిగితే పైకి లాగుతాయి.

బ్యాటరీ విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: ఇప్పుడు వద్దు. దానివల్ల మిగిలేది కొనే ధరకూ పంపే ధరకూ మధ్య ఉన్న తేడా మాత్రమే, అందులోనూ నింపి వాడే క్రమంలో పదో వంతు దాకా నష్టపోతుంది. పూర్తి నెట్ మీటరింగ్ ఉన్నవారికి ఆ తేడాయే ఉండదు. పైగా మబ్బు కాలంలో మిగులు లేక బ్యాటరీ రోజుల తరబడి సగం ఖాళీగానే ఉంటుంది. తరచూ కరెంటు పోయే చోట మాట వేరు, కానీ అప్పుడు మీరు కొనేది పొదుపును కాదు, సౌకర్యాన్ని.

ఒప్పందం మీద సంతకం చేసే ముందు మీ కప్పు వాలు, దిశ, చెట్ల నీడ లెక్కలోకి తీసుకుని నెలవారీ ఉత్పత్తి అంచనాను రాతపూర్వకంగా అడగండి. యూరోపియన్ కమిషన్ ఉచితంగా అందించే పీవీజీఐఎస్ అనే ఆన్‌లైన్ సోలార్ ఉత్పత్తి లెక్కింపు సాధనంలో మీ ఇంటి వివరాలతో దానిని సరిచూసుకోండి. రెండింటికీ పెద్ద తేడా ఉంటే అమ్మకందారునే కారణం చెప్పమనండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే సొమ్మును పక్కన పెట్టాక మిగిలిన దానితోనే కొనండి. అప్పు చేయవలసి వస్తే మాత్రం, వడ్డీ 6 శాతం దాటినప్పుడు పైన చెప్పిన పన్నెండేళ్ల లెక్క గిట్టుబాటు కాదు.