పద్దెనిమిది నిండాక ఫీజు ఎవరు కడతారు?

అమ్మాయీ,

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటున్నామని, ఒప్పందం ముసాయిదా తయారవుతోందని రాశావు. "పిల్లల చదువు మా ఆయనే చూసుకుంటానన్నారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నా దిగులంతా ఆ వాక్యం గురించే. కుటుంబ న్యాయస్థానంలో ఏళ్ల తరబడి వాదించినవాడిగా చెబుతున్నాను, ఆ మాట కాగితం మీదికి ఎక్కాలి.

బాబు ఇంజినీరింగ్‌లో చేరేనాటికి వాడికి పద్దెనిమిది నిండుతాయి. పాత నేర ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ)లోని 125వ సెక్షన్ స్థానంలో 2024 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కూడా, ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి పద్దెనిమిది నిండాక మనోవర్తి ఇప్పించదు. హిందూ వివాహ చట్టంలో చదువు ప్రస్తావన ఉన్న 26వ సెక్షన్‌ది కూడా మైనర్ల మాటే. పెద్ద ఖర్చు మొదలయ్యే ఏడాదే చట్టం చేయి వదిలేస్తుందన్నమాట. పాప సంగతి వేరు. సొంతంగా బతకలేని పెళ్లికాని కూతురికి 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం అండగా ఉంది. 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు దాన్ని స్పష్టం చేసింది. కొడుకు చదువు డిగ్రీదాకా భరించమని తండ్రులను ఆదేశించిన తీర్పులూ ఉన్నాయి. కానీ అలాంటి ఆదేశం తెచ్చుకునేలోపు ఫీజు గడువు ఆగదు.

అందుకే "చదువు ఖర్చు" అని రాసి ఊరుకోవద్దు. ట్యూషన్ ఫీజు, హాస్టల్, మెస్, పుస్తకాలు, ల్యాప్‌టాప్, అన్నీ పేరుపేరునా ఉండాలి. కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఎంత, యాజమాన్య కోటా అయితే ఎంతవరకు అన్నది ఇప్పుడే తేల్చుకోండి. వయసు అంకె వేయించకు, డిగ్రీ పూర్తయ్యేదాకా అని రాయించు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఒక ఏడాది పోయిందని వాడికి అన్యాయం జరగకూడదు. డబ్బు నేరుగా కాలేజీ ఖాతాకే వెళ్లాలి. విద్యారుణం తీసుకుంటే బ్యాంకులో తోడు సంతకం ఎవరిది, వాయిదాలు ఎవరివి అన్నదీ చేర్చు.

నీకూ ఉద్యోగం ఉంది, మొత్తం ఆయన మీదే వేయాలని పట్టుబట్టకు. జీతాల నిష్పత్తిలో పంచుకోవడం న్యాయం.

ఫీజు అడగడానికి మాత్రం బాబును తండ్రి దగ్గరికి పంపవద్దు. ఆ వయసులో అలా చేయి చాచడం వాడి మనసును చాలా గాయపరుస్తుంది. అడగవలసింది నువ్వు.

ఈ షరతులన్నీ డిక్రీలోనే, అంటే కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వులోనే, చేర్చమని మీ వకీలుకు గట్టిగా చెప్పు. విడి కాగితంగా మిగిలిపోతే, రేపు ఆయన కట్టనప్పుడు అమలు పిటిషన్ వేయడం కష్టమవుతుంది. సంతకాలకు ముందే ముసాయిదా నాకు పంపు, ప్రతి పంక్తీ చదివి చెబుతాను.

నీ పెదనాన్న