ఇంట్లో చేసిన ఫైబర్ లిప్‌కు కంపెనీ నునుపు వస్తుందా?

పాత మారుతి 800 ముందు బంపర్ కింద బిగించే లిప్‌ను ఇంట్లోనే ఫైబర్‌తో చేసుకోవచ్చా, కంపెనీ భాగంలా నున్నగా వస్తుందా అని అడిగారు. వస్తుంది. నా కారుకు నేనే చేసుకున్నాను. అయితే ఫైబర్ పరచడం ఒక పూట పని, నునుపు తేవడమే అసలు పని. ఓపికంతా దానికోసం దాచుకోండి.

ఒక్కటే కావాలి కాబట్టి అచ్చు తీయనక్కర్లేదు. ఫోమ్‌ను ఆకారానికి చెక్కి దానిమీదే మ్యాట్ (గాజు పోగుల పరుపు) పరచండి. థర్మాకోల్ మాత్రం వద్దు. మ్యాట్‌ను తడిపి గట్టిపరిచే జిగురు ద్రవమైన పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది, అది తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. కోల్డ్ స్టోరేజీ గోడల్లో వాడే పీయూ (పాలియురెథేన్) ఫోమ్ తెచ్చుకోండి. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ మూడు పొరలు వేస్తే సుమారు మూడు మిల్లీమీటర్ల మందం వస్తుంది, లిప్‌కు అది చాలు.

రెసిన్‌లో ముందు కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగపరిచే ద్రవం) వేసి బాగా కలిపాకే హార్డనర్ (గట్టిపరిచే ద్రవం) పోయాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకండి, పేలే ప్రమాదం ఉంది. హార్డనర్ రెసిన్ బరువులో ఒకటి, రెండు శాతం మించకూడదు. మన మే నెల ఎండలో అయితే పరిచేలోపే మగ్గులో గడ్డకడుతుంది. ఉదయం పూట, కొంచెం కొంచెంగా కలుపుకోండి. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు, రసాయనాల మాస్కు కొనండి. బ్రష్‌తో రంగులా పూయకుండా, దాని కొసతో పొడుస్తూ మ్యాట్‌ను రెసిన్‌తో తడపాలి. తెల్లగా మచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉన్నట్టే. ఎండకు అదే బొబ్బగా లేస్తుంది.

గట్టిపడగానే లప్పం పట్టేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ముందు బంపర్‌కు బిగించి, సందులు సరిచేసి, కొన్నాళ్లు ఎండలో వదిలేయండి. రెసిన్ ఇంకా కుదించుకుంటూనే ఉంటుంది. తొందరపడితే రంగు వేసిన కొన్నాళ్లకు మ్యాట్ పోగుల గీతలు పైకి తేలతాయి.

లప్పం పలచగా పట్టి, గరుకు కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే గుంటలు పడతాయి. 80, 180, 320 నంబర్లు ఈ వరుసలో, పొడిగానే. లప్పం నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడి తర్వాత రంగును పైకి లేపుతుంది. తర్వాత ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేయండి. అది ఆరాక దానిమీద నల్ల స్ప్రే మంచులా పలచగా చల్లి, అప్పుడు 400 వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. నలుపు మిగిలిన చోటు పల్లం, ప్రైమర్ అరిగి లప్పం కనిపించిన చోటు మిట్ట. కంటికి దొరకని లోపాలు ఇక్కడ పట్టుబడతాయి. ఇలా రెండో విడత ప్రైమర్ తప్పదు, మూడో విడత పడినా విసుక్కోకండి. చివరికి 600తో ముగించి రంగుకు వెళ్లండి.

రంగు విషయంలో నా మాట వినండి: బాడీ రంగు జోలికి పోకుండా మెరుపు లేని నలుపు వేయండి. కంపెనీ రంగు కోడ్ చూసి కలిపినా, ఏళ్ల ఎండకు వెలిసిన పాత రంగుతో కొత్తది కలవదు. పైగా కింది భాగానికి రాళ్ల దెబ్బలు తగులుతూనే ఉంటాయి, నలుపు మీద మళ్లీ స్ప్రే కొట్టుకోవడం తేలిక.

బిగించేటప్పుడు అతికించకుండా వెడల్పాటి వాషర్లతో బోల్టులు వేయండి. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే. తగిలితే లిప్ ఒక్కటే విప్పి బాగుచేసుకోవచ్చు, బంపర్ చీలదు.