పోలీసులు వచ్చి వెళ్లిపోయారు, ఆ పిల్లాడు మళ్లీ క్లాసులోనే ఉన్నాడు

మేడమ్, మేం జార్జియాలో, అట్లాంటాకు ఉత్తరాన ఉంటాం. మావారిది హెచ్-1బీ, గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉంది. మా అబ్బాయి పదో తరగతి. పోయిన బుధవారం రాత్రి వాడు నిద్రపోయాక వాడి ఫోన్ చూశాను. వాడి ఫ్రెండ్ ఒకడు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో తుపాకీ ఫొటో పెట్టి, ‘శుక్రవారం స్కూలుకు రావద్దు’ అని రాశాడు. ఆ పిల్లాడు మా వంటింట్లో కూర్చుని పెసరట్టు తిని వెళ్లినవాడే. నా ఫోన్‌తో ఫొటోలు తీసి షెరిఫ్ ఆఫీసుకు, అంటే మా కౌంటీ పోలీసులకు చెప్పాను. అక్కడి ఓ డిప్యూటీ వాళ్లింటికి వెళ్లొచ్చి, ‘జోక్ చేశానంటున్నాడు’ అన్నాడు. సోమవారం ఆ పిల్లాడు మామూలుగా క్లాసుకొచ్చాడు. ‘మనకెందుకీ గొడవ’ అని మావారు కోప్పడుతున్నారు. మా వాడైతే నన్ను ‘స్నిచ్’ (చాడీలు చెప్పేదానివి) అని, మాటలు మానేశాడు. నేను తప్పు చేశానా? పోలీసులు ఇంకెప్పుడు కదులుతారు?
— ఒక తల్లి

తప్పు చేయలేదమ్మా. కాకపోతే పని సగంలో ఆగింది.

మీకు వైండర్ తెలిసే ఉంటుంది, మీ వైపు నుంచి కారులో గంట ప్రయాణం. అక్కడి అపలాచీ హైస్కూల్లో 2024 సెప్టెంబర్ 4న ఇద్దరు పిల్లలు, ఇద్దరు టీచర్లు కాల్పుల్లో చనిపోయారు. నిందితుడికి 14 ఏళ్లు. అంతకు ఏడాది ముందే, 2023 మేలో, స్కూల్లో కాల్పులు జరుపుతానని ఆన్‌లైన్‌లో ఎవరో రాశారంటూ ఎఫ్‌బీఐకి సమాచారం అందింది. ఆరా తీస్తే అది జార్జియాకే చేరింది. జాక్సన్ కౌంటీ డిప్యూటీలు ఇంటికి వెళ్లి తండ్రినీ కొడుకునీ ప్రశ్నించారు. నేను రాయలేదన్నాడు పిల్లాడు. వేట తుపాకులున్నాయి గానీ నేను లేకుండా వాడు ముట్టుకోడన్నాడు తండ్రి. అరెస్టుకు సరిపడా ఆధారం లేదని, కనిపెట్టి ఉండమని చుట్టుపక్కల స్కూళ్లకు చెప్పి ఊరుకున్నారు. ఆ వచ్చిన క్రిస్మస్‌కు తండ్రే వాడికి రైఫిల్ కొనిచ్చాడని తర్వాత దర్యాప్తు అధికారులు చెప్పారు. పిల్లాడు మాత్రం వేరే కౌంటీలో, వేరే స్కూల్లో చేరాడు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ డిప్యూటీలే. వాళ్లు సోమరులేం కాదు. వెళ్లారు, అడిగారు, రాసుకున్నారు. కానీ అరెస్టు చేయడమో, వదిలేయడమో, ఈ రెండే దారులన్నట్టు అక్కడితో కాగితం మూసేశారు. పోలీసులు కదలాల్సింది ఆ రెంటికీ మధ్యలో అని నా అభిప్రాయం. సంకెళ్లు వేయడానికి ఆధారం కావాలి, నిజమే. రెండు వారాల తర్వాత మళ్లీ తలుపు తట్టడానికి ఏ ఆధారం కావాలి? తుపాకులకు తాళం వేశారా, తాళంచెవి ఎవరి దగ్గరుంది అని తండ్రిని అడగడానికి, పిల్లాడు స్కూలు మారితే కొత్త స్కూలుకు కబురు చేయడానికి వారెంటు అక్కర్లేదుగా. సీక్రెట్ సర్వీస్ 2019లో ఇచ్చిన నివేదికలో, తుపాకులు వాడిన దాడుల్లో నాలుగింట మూడొంతుల దాకా ఆ తుపాకులు సొంతింట్లోంచో దగ్గరి బంధువుల ఇంట్లోంచో వచ్చాయని తేలింది. అందుకే, ‘వాడు నిజంగా చేస్తాడా’ అని పిల్లాడి మనసు చదవబోయే ముందు ఇంట్లో తుపాకీ ఎక్కడుందో చూడమంటాను.

‘జోక్ చేశా’ అన్నంతమాత్రాన అన్నది గాల్లో కలిసిపోదు. తన మాట అవతలివాళ్లను భయపెడుతుందని తెలిసీ లెక్కచేయకుండా అన్నా శిక్షించవచ్చని 2023లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని వయసు తెలియని పిల్లలు వాగిన ప్రతి వాగుడుకీ జైలు అక్కర్లేదు. 2015లో టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో 14 ఏళ్ల కుర్రాడు తాను తయారుచేసిన గడియారం టీచర్‌కు చూపిద్దామని తెస్తే, బాంబు అనుకుని సంకెళ్లు వేసి తీసుకెళ్లారు. మన రంగు పిల్లలను కన్న ఏ తల్లీ అది మర్చిపోదు. మీరు పంపిన దాంట్లో అలాంటి అపోహకు చోటు లేదు. రోజు ఉంది, స్థలం ఉంది, తుపాకీ ఫొటో ఉంది. ఆ మూడూ ఒకచోట కనబడ్డాక పోలీసులు ఒక్కసారి వెళ్లొచ్చి సరిపెట్టకూడదు.

అందుకని రేపు పొద్దున కేసు నంబరు పట్టుకుని మళ్లీ ఫోన్ చేయండి. ఆ ఫొటోలో తుపాకీ ఎవరిది, ఇప్పుడెక్కడుంది, స్కూలుకు చెప్పారా అని అడగండి. సమాధానం నసిగితే పైఅధికారిని అడగండి. అదే రోజు స్కూలుకు వెళ్లి, అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌నీ అక్కడుండే రిసోర్స్ ఆఫీసర్‌నీ, అంటే స్కూలు పోలీసునీ కలిసి, మెసేజీలు చూపించండి. ఎఫ్‌బీఐ టిప్ లైన్‌కూ పంపండి. ఇన్ని చోట్లకు ఎందుకంటారా? ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూల్లో జరిగిన కాల్పులకు నలభై రోజుల ముందు, 2018 జనవరి 5న, ఒకరు అదే టిప్ లైన్‌కు వివరంగా చెప్పారు. ఆ మాట మయామీ ఆఫీసుకు చేరనేలేదు. ఫిబ్రవరి 14న 17 మంది పోయారు. ఒక్క తలుపే తడితే, లోపల ఎవరో ఒకరు నిద్రపోతుంటారు.

చెప్పేటప్పుడు ఆ పిల్లాడి పూర్తిపేరు స్పెల్లింగుతో సహా, ఏ గ్రేడో, వీలైతే ఫొటోతో సహా ఇవ్వండి. ఇదంతా చాదస్తం అనుకోకండి. అపలాచీలో ఆ ఉదయం నిందితుడి తల్లే స్కూలుకు ఫోన్ చేసి హెచ్చరించింది. వెతకడానికి వెళ్లినవాళ్లు దాదాపు అదే పేరున్న ఇంకో పిల్లాడి కోసం వెతికారు.

జార్జియాలో రెడ్ ఫ్లాగ్ చట్టం లేదు. పార్క్‌లాండ్ తర్వాత ఫ్లోరిడా తెచ్చుకుంది, అక్కడ పోలీసులు జడ్జి దగ్గరకు వెళ్లి కొంతకాలం తుపాకులు తీయించగలరు. మీ దగ్గర ఆ దారి లేదు కాబట్టి మళ్లీ మళ్లీ అడగడమే మీ చేతిలో ఉంది. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇక మీవారి సంగతి. ఆయన భయం నాకు అర్థమవుతుంది, పదేళ్లుగా క్యూలో నిలబడ్డ మనిషి కంప్యూటర్‌లో తన పేరు ఎక్కడ పడినా ఉలిక్కిపడతాడు. కానీ చూసింది చూసినట్టు చెప్పినందుకు వీసా పోదు, అబద్ధమని తెలిసి చెబితేనే నేరం. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఎఫ్‌బీఐకి పేరు లేకుండానే పంపవచ్చు. ‘మనకెందుకు’ అనే ముందు, రోజూ ఆ స్కూల్లో ఉండేది ఎవరి కొడుకో ఆయన్ని ఒకసారి ఆలోచించమనండి.

మీ అబ్బాయి దగ్గర మాత్రం మీరు ఒకదానికి క్షమాపణ చెప్పాలి. వాడు నిద్రపోతుంటే ఫోన్ తీశారే, దానికి. షెరిఫ్‌కు చెప్పినందుకు కాదు. రెండూ కలిపేయకండి, కలిపితే వాడు రెండోదాన్నే పట్టుకుంటాడు. చాడీ ఎదుటివాణ్ని ఇరికించడానికి చెబుతాం, మీరు చెప్పింది ఆ పిల్లాడితో సహా అందరూ ఇంటికి రావాలని. ఈ మాట ఎదురుగా కూర్చోబెట్టి కాదు, కారులో స్కూలుకు దింపుతున్నప్పుడు చెప్పండి. ఆ వయసు పిల్లలు మన ముఖం చూడక్కర్లేనప్పుడే వింటారు.

ఆ మెసేజ్ చూసి వాడు కూడా భయపడి ఉంటాడమ్మా. రాత్రిళ్లు దాన్ని ఒక్కడే మోశాడేమో అడగండి. ఆ స్నేహితుడు ఈమధ్య ఎలా ఉన్నాడు, ఎవరితో మాట్లాడటం మానేశాడు, చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా అని కూడా అడగండి. అన్నాడంటే ఆత్మహత్య ఆలోచనలకు సాయపడే హెల్ప్‌లైన్ 988కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు, పగలూ రాత్రీ ఎత్తుతారు. అదీ డిప్యూటీకి చెప్పాల్సిన మాటే. వాడు కొత్తగా ఏం చెప్పినా రాసుకుని, అదే కేసు నంబరు మీద చేర్పించండి.