స్లాబ్ పడకముందే అడిగారు, మంచి పని

ప్రశ్న: 200 గజాల్లో కింద ఒకటి, పైన ఒకటి ఇల్లు కడుతున్నాం. మొదటి స్లాబ్‌కు సెంట్రింగ్ కొడుతున్నారు. హాల్లో హోం థియేటర్, అన్ని గదుల్లో మంచి ఇంటర్నెట్ ఉండాలని మా కోరిక. ఎలక్ట్రీషియన్ "ఇప్పుడంతా వైఫైయే కదా సార్, వైర్లెందుకు?" అంటున్నాడు. అమెరికాలో ఉన్న మా అబ్బాయేమో క్యాట్ 8 అనే ఇంటర్నెట్ కేబుల్ వేయించమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ఇద్దరిదీ వద్దండీ. వైఫై గాల్లో వచ్చేదే, కాదనను, కానీ ఆ వైఫై ఇచ్చే పెట్టె దాకా ఇంటర్నెట్ తీగ మీదే రావాలి కదా. కింద హాల్లో ఒక రౌటర్ పెట్టి పై అంతస్తులో పడగ్గది దాకా సిగ్నల్ రావాలంటే మధ్యలో ఇనుము నింపిన స్లాబ్ ఉంది, వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ అక్కడే చాలావరకు చచ్చిపోతుంది. అంతస్తుకు ఒకటి చొప్పున సీలింగ్ మధ్యలో యాక్సెస్ పాయింట్ (కేబుల్ మీద వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. వాటికి పక్కన ప్లగ్ కూడా అక్కర్లేదు, పీవోఈ స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) వాడితే డేటా కేబుల్‌లోనే కరెంటు కూడా వెళ్తుంది.

ఇక మీ అబ్బాయి చెప్పిన క్యాట్ 8. అది డేటా సెంటర్లలో సర్వర్ల మధ్య 30 మీటర్ల లోపు దూరానికి, 25, 40 గిగాబిట్ల వేగం కోసం చేసిన సరుకు. లావుగా, బిరుసుగా ఉంటుంది, పైన షీల్డ్ అనే లోహపు తొడుగు ఉంటుంది, దాన్ని సరిగ్గా ఎర్త్ చేయాలి, ఇంట్లో మూలలు తిప్పాలంటే ప్రాణం పోతుంది. క్యాట్ 6 మామూలుగా 1 గిగాబిట్‌ను 100 మీటర్ల దాకా మోస్తుంది, 55 మీటర్లలోపు అయితే 10 గిగాబిట్లు కూడా మోస్తుంది. 200 గజాల ఇంట్లో ఒక కేబుల్ 40 మీటర్లు దాటడమే అరుదు. కాబట్టి క్యాట్ 6 చాలు. అయితే కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, బజార్లో అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి కూడా క్యాట్ 6 పేరుతోనే అమ్ముతారు. అలాంటి దాంట్లో బ్లేడుతో ఒక తీగను గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, 305 మీటర్ల డబ్బా చేత్తో ఎత్తినా తేలిగ్గా ఉంటుంది. పీవోఈతో కరెంటు పంపితే అది ఎక్కువ వేడెక్కుతుంది, కనెక్టర్ దగ్గర తొందరగా విరుగుతుంది. పూర్తి రాగిదే తీసుకోండి.

కానీ అసలు విషయం కేబుల్ కాదు, పైపు. కేబుల్ పదేళ్ల తర్వాతైనా లాగి కొత్తది వేసుకోవచ్చు, స్లాబ్‌లో లేని పైపును మాత్రం ఎవరూ తర్వాత పెట్టలేరు. అందుకే ఈ వారం మీ పని, కాగితం మీద ఇల్లు గీసుకుని ఏ గోడకు ఏం వస్తుందో రాసుకుని, ఎలక్ట్రీషియన్‌తో పైపుల లెక్క తేల్చుకోవడం.

ముందు ఒక కేంద్రం ఎంచుకోండి. మెట్ల కింద జాగా గానీ ఇన్వర్టర్ ఉన్న మూల గానీ బాగుంటుంది. అన్ని గదుల నుంచి కేబుళ్లు అక్కడికే రావాలి, ఒక్కొక్కటీ విడివిడిగా. ఇది గట్టిగా చెప్పండి, ఎందుకంటే లైట్ల అలవాటు కొద్దీ ఎలక్ట్రీషియన్లు ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు లూప్ తీసేస్తారు, డేటాకు అది పనికిరాదు. 25 మిల్లీమీటర్ల పైపులో క్యాట్ 6 కేబుళ్లు మూడు, నాలుగు హాయిగా పడతాయి, అంతకు మించి కుక్కితే మలుపుల దగ్గర బిగుసుకుంటాయి. మలుపులు ఎల్బో ముక్కలతో కాకుండా వంపు బెండులతో తిప్పమనండి, పెద్ద దూరంలో రెండు మలుపులు దాటితే మధ్యలో ఒక జంక్షన్ బాక్స్ పెట్టించండి. కరెంటు వైర్లున్న పైపులోకి డేటా కేబుల్ దూర్చనివ్వొద్దు, ఎంత బతిమాలినా సరే. పక్కపక్కనే పోవాల్సి వస్తే అడుగు దూరం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

ఆ కేంద్రంలో రౌటర్‌నూ, ఫైబర్ పెట్టెనూ ఇన్వర్టర్ లైను మీద పెట్టండి, కరెంటు పోగానే ఇంటర్నెట్ పోవడం మన దగ్గర కొత్తేం కాదు. వైఫై రౌటర్‌ను మాత్రం తలుపున్న ఇనప డబ్బాలో పెట్టి మూయకండి, వేడెక్కుతుంది, సిగ్నలూ బయటికి రాదు.

బయటి నుంచి లోపలికి వచ్చే దారి చాలామంది మర్చిపోతారు. స్తంభం నుంచి ఫైబర్ వచ్చే వైపు ఒక పైపు, డాబా పైనుంచి డిష్ కోసం ఒకటి, గేటు దగ్గర కెమెరాకూ వీడియో డోర్‌బెల్‌కూ ఒకటి. ఇవి లేకపోతే గృహప్రవేశం అయిన వారానికే ఫైబర్ కుర్రాడు వచ్చి మీ కొత్త కిటికీ చట్రానికి రంధ్రం కొడతాడు. పైపు బయటి చివర కిందికి వంగి ఉండాలి, లేదంటే వానాకాలం నీళ్లు తిన్నగా లోపలికి దిగుతాయి.

హోం థియేటర్‌కు వస్తే, టీవీ ఏ గోడకో ముందు ఇంట్లో అందరూ ఒప్పుకోండి. వాస్తు చూసేవాళ్లను అడగాలనుకుంటే అదీ స్లాబ్‌కు ముందే అడిగేయండి, తర్వాత గోడ మారితే పైపులు మారవు. టీవీ వెనక ఒక పెద్ద బాక్స్, కింద టీవీ యూనిట్ దగ్గర ఇంకో బాక్స్, రెంటి మధ్యా 50 మిల్లీమీటర్ల పైపు నిలువుగా. బొమ్మనూ శబ్దాన్నీ టీవీకి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ ప్లగ్ 25 మిల్లీమీటర్ల పైపు వంపుల్లో ఇరుక్కుపోతుంది, అందుకే అంత పెద్దది. నాలుగున్నర అంగుళాల గోడలో ఇంత లోతు గాడి కొడితే గోడ బలహీనమవుతుంది, కాబట్టి టీవీని తొమ్మిదంగుళాల గోడకు పెట్టుకోండి. పిల్లర్లను, బీములను మాత్రం ఎవరు చెప్పినా చెక్కనివ్వకండి.

5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) అయితే సోఫాకు రెండు పక్కల, కాస్త వెనగ్గా, కూర్చున్నప్పుడు చెవికి కొంచెం పైన రెండు పాయింట్లు. అట్మాస్, అంటే పైనుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి, ఆశ ఉంటే తలపైన, కూర్చునే చోటుకు కాస్త ముందు, సీలింగ్‌లో మరో రెండు. ఇప్పుడు స్పీకర్లు కొనకపోయినా పైపులు వేసేయండి. బేస్ ఇచ్చే సబ్‌వూఫర్‌కు ఒక్క మూల నమ్ముకోవద్దు, గదిని బట్టి బేస్ ఎక్కడ బాగుంటుందో ముందే చెప్పలేం, రెండు మూలలా సిగ్నల్ పాయింటూ ప్లగ్గూ ఉంచండి. స్పీకర్ వైరుకు 16 గేజ్ మామూలు హాలుకు సరిపోతుంది, వెనక స్పీకర్లకు చుట్టు తిరిగి దూరం ఎక్కువైతే 14 గేజ్ (అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది). వేలు పోసి కొనే వెండిపూత వైర్లు అనవసరం, ఆ డబ్బులు స్పీకర్ల మీద పెట్టండి.

స్లాబ్ పోసే రోజు దగ్గరుండండి. పైపుల చివరలకు టేపు బిగించి ఉందా, సిమెంటు పాలు దిగకుండా, ప్రతి పైపులో తర్వాత కేబుల్ లాగడానికి లాగుడు తీగ ఉందా, చూసుకోండి. వైబ్రేటర్ తగిలి జాయింట్లు ఊడే ప్రమాదం ఉంటుంది, కాంక్రీటు పడే ముందే జాయింట్లన్నీ అంటించి ఉండాలి. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ కొలత టేపు పట్టి ఫొటోలు తీసుకోండి. కేబుల్ లాగడం ప్లాస్టరింగ్ ఆరాక, కనెక్టర్లు బిగించడం రంగులయ్యాక.

ప్రశ్న: ప్రొజెక్టర్ కోసం గోడలో 12 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ వేయించాం. ఫుల్ హెచ్‌డీ బాగానే వస్తోంది, 4కే పెడితే తెర నల్లబడి మళ్లీ వస్తోంది. ప్రొజెక్టర్ చెడిపోయిందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రొజెక్టర్‌ను అనుమానించే ముందు కేబుల్‌ను అనుమానించండి. 4కే, సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 18 గిగాబిట్లు పోవాలి, మామూలు రాగి హెచ్‌డీఎంఐ 12 మీటర్లలో అంత మోయలేక తడబడుతుంది. పరీక్షించడం తేలిక. ప్లేయర్‌ను ప్రొజెక్టర్ పక్కకు తీసుకెళ్లి చిన్న కేబుల్‌తో కలిపి చూడండి, ఆగకుండా వస్తే దొరికినట్టే. సినిమాలు ఎక్కువగా 24 ఫ్రేములే కాబట్టి, ప్లేయర్ సెట్టింగుల్లో 4కే 24 పెడితే మోయాల్సింది సగమే అవుతుంది, అంతటితో సర్దుకున్నా సర్దుకోవచ్చు. కుదరకపోతే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ (లోపల ఫైబర్ ఉండేది) కొనండి. దానికి దిశ ఉంటుంది, సోర్స్ అని రాసిన చివర ప్లేయర్ వైపు ఉండాలి, తిరగేసి లాగితే బొమ్మే రాదు. గోడలోకి దూర్చక ముందు నేల మీద పరిచి ఒక సినిమా మొత్తం చూసేయండి. పాత కేబుల్‌కు కట్టి లాగేటప్పుడు ప్లగ్ తలను కాకుండా కేబుల్ ఒంటిని పట్టి లాగండి. పైపు లేకుండా సిమెంటులో కప్పేసి ఉంటే మాత్రం లాగడం కుదరదు, గోడ పైనుంచి కేసింగ్ పట్టీలో తీసుకెళ్లడమే దారి.

ప్రశ్న: మా ఫ్లాట్‌లో బిల్డర్ వేసిన లాన్ పాయింట్లు (గోడలో ఇంటర్నెట్ కేబుల్ సాకెట్లు) ఉన్నాయి. 300 ఎంబీపీఎస్ (సెకనుకు 300 మెగాబిట్ల) ప్లాన్, కానీ ఆ పాయింట్‌లో 95 దాటడం లేదు. ఇంటర్నెట్ కంపెనీవాళ్లు తమ తప్పు కాదంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే అయ్యుండాలి. 94, 95 దగ్గర ఆగిపోతే ఆ లైను 100 మెగాబిట్ల దగ్గర కలిసిందని అర్థం. కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, 100కు నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఏదో ఒక చివర తీగ ఒకటి వదులుగా ఉండొచ్చు, లేదా ఒకే కేబుల్‌ను చీల్చి నాలుగు ఇంటర్నెట్‌కు, మిగతావి ఫోనుకు వాడుండొచ్చు. రెండు చివరల ప్లేట్లు విప్పించి, ఎనిమిది తీగలూ ఒకే రంగుల వరసలో పడ్డాయా చూసి, లాన్ టెస్టర్‌తో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయా పరీక్షించమనండి. రౌటర్ పోర్టు కూడా గిగాబిట్‌దేనా చూసుకోండి, చవకవాటిలో 100వే ఉంటాయి. ల్యాప్‌టాప్‌తో కొలిస్తే 300 వచ్చి, టీవీలో మాత్రం 95 వస్తుంటే దాన్ని వదిలేయండి. చాలా టీవీల లాన్ పోర్టు వేగం 100 మెగాబిట్లే, 4కే సినిమాకు 25 ఉంటే చాలు.