సూత్రాలు వచ్చు, లెక్క రావడం లేదు

ప్రశ్న: డేటా సైన్స్ చదవాలని నా కోరిక. కానీ ప్రాబబిలిటీ అంటేనే టెన్షన్. సూత్రాలన్నీ కంఠతా వచ్చు. లెక్క కాస్త కొత్తగా ఉంటే ఏ సూత్రం వాడాలో తోచదు. వేరే కోర్సు చూసుకోమంటారా?

జవాబు: కోర్సు మార్చుకోవద్దు. చదివే పద్ధతి మార్చుకోండి. చివర్లో నేర్చుకోవాల్సినవి మీరు మొదటే నేర్చేసుకున్నారు. సంభావ్యతలో (ప్రాబబిలిటీలో) సూత్రాలు నిజానికి కొన్నే. ఏమేం జరగొచ్చో ఒక్కటీ వదలకుండా, దేన్నీ రెండుసార్లు లెక్కపెట్టకుండా రాయడమే అసలు కష్టం.

రెండు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత ఎంత? ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ 1754లో దీనికి 2/3 అని రాశాడు. మొదటిది బొమ్మ పడితే ఇక రెండోది చూడక్కర్లేదు, బొరుసు పడితే రెండోది బొమ్మో బొరుసో అవుతుంది, కాబట్టి ఉన్నవి మూడు దారులే అనుకున్నాడు. ఆ మూడూ సమానం కావు. మొదటి దారి ఒక్కదానికే సగం అవకాశం ఉంది. బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు అని నాలుగూ రాస్తే జవాబు 3/4 అని కళ్లకే కనిపిస్తుంది. అంతటివాడే పొరబడ్డ చోట మీరు తడబడితే తెలివి తక్కువని కాదు.

అందుకే ఏ లెక్కకైనా ముందు ఒక్కటే అడగండి: నేను రాసినవన్నీ సమానంగా జరిగేవేనా? రెండు పాచికలు వేస్తే మొత్తం 2 నుంచి 12 వరకు 11 రకాలుగా రావొచ్చు. కానీ 7 వచ్చే అవకాశం 1/11 కాదు. ఒక పాచిక ఎరుపు, ఇంకొకటి నీలం అనుకోండి. ఎరుపు 3 నీలం 4 వేరు, ఎరుపు 4 నీలం 3 వేరు. అలా 36 జతలు రాస్తే 7 ఆరు జతల్లో వస్తుంది, 12 ఒక్కదాంట్లోనే. ఆ పట్టిక మీ చేత్తో మీరే వేయండి. అచ్చులో చూస్తే ఇది రాదు.

'కనీసం ఒకటి' అన్న మాట కనిపిస్తే లెక్కను తిరగేయండి. పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక 6 పడే సంభావ్యత ఎంత? 1/6ని నాలుగుసార్లు కూడితే 4/6 అని చాలామంది రాస్తారు. అదే లెక్కన ఏడుసార్లు వేస్తే 7/6 రావాలి, సంభావ్యత 1 దాటదు కదా! ఒక్క 6 కూడా పడకపోవడం చూడండి: 5/6ని నాలుగుసార్లు గుణిస్తే 625/1296. దాన్ని 1లోంచి తీసేస్తే 671/1296, అంటే సగం కంటే కాస్త ఎక్కువ. 1654లో ఫ్రెంచి గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా రాసుకున్న ఉత్తరాల్లో ఈ పాచికల లెక్క కూడా ఉంది.

నియత సంభావ్యత, అంటే ఒకటి జరిగిందని తెలిశాక ఇంకొకటి జరిగే అవకాశం, దగ్గర చాలామంది ఆగిపోతారు. అక్కడ శాతాలు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెట్టండి. 1000 మందిలో 10 మందికి జబ్బు ఉందనుకోండి. పరీక్ష వాళ్లలో 9 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని 990 మందిలో 99 మందికి కూడా పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 108, నిజంగా జబ్బు ఉన్నవాళ్లు 9 మంది. అంటే పాజిటివ్ వచ్చిన 12 మందిలో ఒకరికే జబ్బు. బేయస్ సూత్రం చెప్పేదీ ఇదే. డేటా సైన్స్‌లో స్పామ్ మెయిల్‌ను వేరు చేసే పద్ధతుల్లో ఒకటి సరిగ్గా ఈ లెక్క మీదే నడుస్తుంది. బీమా సంస్థల్లో నష్టభయాన్ని లెక్కగట్టే ఆక్చువరీలకూ సంభావ్యతే ఆధారం కాబట్టి, మీ కష్టం ఒక్క కోర్సుకే పరిమితం కాదు.

రెండు వారాలు సూత్రాల పుస్తకం మూసేయండి. రోజుకు రెండు లెక్కలు చాలు, అన్ని అవకాశాలూ వరుసగా రాసి చేయండి. ఒకరోజు నిజంగానే రెండు పాచికలు 180 సార్లు వేసి, 7 ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టుకోండి. సగటున 30 సార్లు రావాలి. మీకు 25 రావొచ్చు, 36 రావొచ్చు. ఆ తేడా ఎంతవరకు మామూలు అన్న ప్రశ్న మీకు పుడితే, మీరు స్టాటిస్టిక్స్‌లోకి అడుగుపెట్టేసినట్టే. కోర్సు ఎంచుకునేటప్పుడు సిలబస్ తెప్పించుకుని, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ రెండూ పూర్తి సబ్జెక్టులుగా ఉన్నాయో లేదో చూసుకోండి.