నాన్నగారి టర్న్‌టేబుల్ చెన్నై తెచ్చాను, సౌండ్ సన్నగా వస్తోంది. యాంప్ మార్చాలా?

నెల్లూరు నుంచి ఈమధ్యే వచ్చి వేళచ్చేరిలో ఇల్లు తీసుకున్న అబ్బాయి అడిగాడు: "అంకుల్, ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌లో ఒక స్టీరియో యాంప్లిఫయర్ కొన్నాను. టర్న్‌టేబుల్ దాని వెనక ఆక్స్ అనే మామూలు ఆడియో సాకెట్‌కి కలిపితే ఘంటసాల గారి గొంతు కూడా దోమ రొదలా వస్తోంది. వాల్యూమ్ పెంచితే గుయ్‌మంటోంది. వేరే యాంప్ కొనాలా?"

వద్దు నాయనా, అప్పుడే డబ్బు తీయకు. ఒంగోలు నుంచి నేను ఈ ఊరొచ్చిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. రిపేరు షాపులో ముల్లు అరిగిందన్నారు. కొత్త ముల్లు వేయించాను, సౌండ్ ఇసుమంత కూడా మారలేదు. అసలు తేడా యాంప్ వెనకాల ఉందని తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి.

నీ యాంప్ వెనక్కి తిప్పి చూడు. సీడీ, ట్యూనర్, ఆక్స్ పక్కన "ఫోనో" అని ఉందా? ఉంటే అందులోనే పెట్టాలి. ఎరుపు కుడికి, తెలుపు ఎడమకి. ముల్లును పట్టుకుని ఉండే చిన్న భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది 4, 5 మిల్లీవోల్టులే. సీడీ ప్లేయర్ ఇచ్చేది దాదాపు 2 వోల్టులు, అంటే నాలుగైదు వందల రెట్లు ఎక్కువ. ఆక్స్ ఆ పెద్ద సిగ్నల్ కోసం చేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి బాగా వెడల్పవుతుంది, ఒక వైపున పట్టే పాటలు తగ్గిపోతాయి. ట్రెబుల్ పెంచేది బుసబుస వినపడకుండా. 1950ల నుంచి దీనికి ఆర్‌ఐఏఏ అనే ఒకే లెక్క నడుస్తోంది. ఫోనో సర్క్యూట్ ఆ లెక్కను తిరగేసి పాటను సరిచేస్తుంది. అందుకే ఆక్స్‌లో వాల్యూమ్ ఎంత పెంచినా తబలా, మృదంగం నిండుగా రావు.

యాంప్‌కి ఫోనో లేకపోతే, ఆ సర్క్యూటే ఉండే చిన్న పెట్టె, ఫోనో ప్రీయాంప్, చాలు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో అడుగు. తమిళం రాకపోయినా టెన్షన్ పడకు, పేరు చెబితే అర్థమవుతుంది. టర్న్‌టేబుల్ నుంచి ప్రీయాంప్‌కి, అక్కణ్ణుంచి ఆక్స్‌కి. ఈమధ్య వచ్చే టర్న్‌టేబుళ్ళలో ప్రీయాంప్ లోపలే ఉండి, వెనకాల ఫోనో/లైన్ అని స్విచ్ ఉంటుంది. దాన్ని లైన్‌లో ఉంచి మళ్ళీ యాంప్ ఫోనోలో పెడితే పాట పగిలిపోతుంది.

కొనే ముందు కార్ట్రిడ్జ్ ఏదో చూసుకో. మన ఇళ్ళల్లో ఉండిన పాత సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటికి క్రిస్టల్ లేదా సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉండేది. వాటి సిగ్నల్ పెద్దది, ఫోనోలో పెట్టకూడదు. నీది అంత సన్నగా వస్తోందంటే మాగ్నెట్ రకమే అయ్యుంటుంది.

ఇక ఆ గుయ్‌మనే మోత. రెండు ఆడియో వైర్లతో పాటు కొసన చీలిన రేకు ఉన్న సన్న తీగ ఒకటి వేలాడుతుంటుంది చూడు, అది గ్రౌండ్ వైరు. చాలామంది పనికిరాదనుకుని చుట్టేసి వదిలేస్తారు. వాల్యూమ్ బాగా తగ్గించి, ఆ రేకును ప్రీయాంప్ మీద, లేదా ఫోనో ఉన్న యాంప్ వెనక, జీఎన్‌డీ (గ్రౌండ్) అని ఉన్న స్క్రూ కింద దూర్చి బిగించు. నేను మొదటిసారి బిగించినప్పుడు స్క్రూ తగిలీ తగలగానే మోత ఠక్కున ఆగిపోయి, గదిలో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది. ఆ తీగను గోడ ప్లగ్గులోని ఎర్త్ రంధ్రంలో మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు.

అమెరికా నుంచి టర్న్‌టేబుల్ తెచ్చుకునేవాళ్ళకు ఒక మాట. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మాత్రమే మారుస్తుంది, హెర్ట్జ్‌ను కాదు. హెర్ట్జ్‌ను బట్టే తిరిగే పాత ఏసీ సింక్రొనస్ మోటారు అయితే ఆరో వంతు నెమ్మదిగా తిరిగి పాట సాగుతుంది. దానికి మోటారు మీది బెల్టు చక్రం తీసి 50 హెర్ట్జ్ పుల్లీ వేయించాలి. అడాప్టర్ మీద నడిచే డీసీ మోటారుకైతే ఈ బాధ లేదు.

స్పీకర్లున్న బల్ల మీదే టర్న్‌టేబుల్ పెట్టకు బాబూ, అదురు ముల్లుకెక్కి మళ్ళీ మోత మొదలవుతుంది. ముందు కార్ట్రిడ్జ్, యాంప్ వెనకభాగం ఫోటోలు తీసి నాకు పంపు. అవి చూశాకే రిచీ స్ట్రీట్‌కి వెళ్దువుగాని.